ఇండియానాకు ఆ చోటు ఎవరూ ఊరికే ఇవ్వలేదు

2024 డిసెంబర్ 20, శుక్రవారం రాత్రి సౌత్ బెండ్‌లో, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో నోటర్‌డామ్ యూనివర్సిటీ జట్టు చేతిలో ఇండియానా యూనివర్సిటీ జట్టు 27-17తో ఓడిపోయింది. ఆట అయ్యీ అవకముందే ఒకటే పాట మొదలైంది. జాతీయ టైటిల్ తేల్చే నాకౌట్ పోటీ అయిన ప్లేఆఫ్‌లో ఈ జట్టుకు చోటెందుకిచ్చారు, సులువైన షెడ్యూల్ దొరకబట్టే కదా 11 మ్యాచ్‌లు గెలిచింది అని. ఈ మాటతో మేం ఏకీభవించం.

2023లో ఇదే జట్టు 12 ఆటల్లో మూడే గెలిచింది. 1887 నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్న ఈ యూనివర్సిటీ ఖాతాలో అప్పటికి 700కు పైగా ఓటములున్నాయి, అగ్రశ్రేణి కాలేజీ జట్లలో అప్పట్లో ఇంకెవరికీ అన్ని లేవు. 2024కు ముందు ఒక్క సీజన్లో పది ఆటలు గెలిచిన చరిత్రే లేదు. అక్కడంతా బాస్కెట్‌బాల్ పిచ్చి. ఫుట్‌బాల్ రోజున యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్ ఊరి జనం స్టేడియం బయట పార్కింగ్‌లో తింటూ తాగుతూ గడిపేవారు, లోపలికెళ్ళినా సగం ఆటకే లేచి వచ్చేసేవారు.

అలాంటి చోటికి 62 ఏళ్ళ వయసులో హెడ్ కోచ్‌గా వచ్చారు కర్ట్ సిగ్నెటి. అలబామా యూనివర్సిటీలో పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ దగ్గర సహాయ కోచ్‌గా ఉన్న మనిషి, యాభైకి దగ్గరపడ్డాక 2011లో ఆ కొలువు వదిలేసి, తక్కువ జీతానికి, పెన్సిల్వేనియాలో ఒకప్పుడు తన తండ్రి కోచ్‌గా చేసిన చిన్న కాలేజీకి వెళ్ళారు. అక్కడినుంచి మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చారు. హెడ్ కోచ్‌గా ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. ఇండియానాకు రాగానే, నేను గెలుస్తాను, కావాలంటే గూగుల్ చేసి చూసుకోండి అన్నారు. పొగరు అనుకున్నవాళ్ళున్నారు, కానీ అన్నమాట నిలబెట్టుకున్నారు.

తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి 13 మంది ఆటగాళ్ళు ఆయన వెంట వచ్చారు. బంతి విసిరి దాడి నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, కర్టిస్ రోర్క్‌ను ఒహాయో యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్నారు. వరసగా పది గెలుపులు! షెడ్యూల్ సులువు అంటున్నవాళ్ళు ఒకటి గుర్తు చేసుకోవాలి: 2024 జనవరిలో జాతీయ ఫైనల్ ఆడిన మిషిగన్, వాషింగ్టన్ రెండిటినీ ఇండియానా ఓడించింది, అందులో వాషింగ్టన్ మీద రోర్క్ బొటనవేలి గాయంతో ఆడకపోయినా 31-17తో గెలిచింది. ఆ రెండు జట్లూ ఈసారి బలహీనపడిన మాట నిజమే. అది ఇండియానా తప్పా?

లోపాలు లేవని మేం అనం. ఒహాయో స్టేట్ మీద 38-15తో చిత్తుగా ఓడిన రోజు రోర్క్‌ను ఐదుసార్లు పడగొట్టారు, అతనికి ముందు అడ్డుగా నిలబడే ఆటగాళ్ళ వరస, అంటే లైన్, ఆపలేకపోయింది. శుక్రవారం మొదటి క్వార్టర్లోనే నోటర్‌డామ్ గోల్ లైన్ దగ్గరదాకా వెళ్ళి బంతి పోగొట్టుకున్నారు, మరుక్షణం నోటర్‌డామ్ ఆటగాడు జెరెమయా లవ్ సందు దొరకబుచ్చుకుని 98 గజాలు ఒక్క ఊపున పరిగెత్తాడు. తర్వాత 20-3తో వెనుకబడి, నాలుగో క్వార్టర్ నడుస్తుండగా సిగ్నెటి పంట్ చేయించారు, అంటే బంతిని దూరంగా తన్నించి అవతలి జట్టుకు వదిలేశారు. ఆ నిర్ణయం మాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. సీజన్ అంతా వెనకడుగు వేయని కోచ్ అక్కడ తెగించాల్సింది.

అయినా నవంబర్ 30న పర్‌డ్యూ మీద 66-0తో గెలిచిన రాత్రి, అంత చలిలోనూ, జనంతో ఆ స్టేడియం ఎలా ఉందో చూశాం. రోర్క్‌కు కాలేజీలో 2024 సీజనే ఆఖరిది. అప్పుడు కొత్త క్వార్టర్‌బ్యాక్ కావాల్సి వచ్చింది, అంతకన్నా ముందు గట్టి లైన్ కావాల్సి వచ్చింది, ఆటగాళ్ళు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే ట్రాన్స్‌ఫర్ల సీజన్ అప్పటికే మొదలైంది.