సవరణ: పెద్ద ప్రధాన సంఖ్య గురించి మొన్నటి పోస్టు

కోనసీమ టెన్త్ పిల్లల కోసం మొన్న వచ్చిన పోస్టులో "2 మీద ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే, వచ్చినదాంట్లోంచి 1 తీసేస్తే అదీ ప్రధాన సంఖ్యే, 2024లో దొరికిన అతిపెద్ద ప్రధాన సంఖ్య అలా వచ్చిందే, అది 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య" అని ఉంది (2 ఘాతంలోంచి 1 తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యను మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటారు). రాజోలు, అమలాపురం వైపు పిల్లలు నోట్సులో కూడా రాసేసుకున్నారట, దయచేసి కొట్టేయించండి.

11 ప్రధాన సంఖ్యే కదా. 2ను 11 సార్లు వేసి గుణిస్తే 2048, ఒకటి తీస్తే 2047, అది 23 × 89. ఆ సూత్రం అక్కడితో పోయింది. తిరగేసి చెప్తేనే నిజం: ఫలితం ప్రధాన సంఖ్య కావాలంటే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయి తీరాలి, కానీ అదొక్కటే చాలదు. అందుకే ఆ 2024 సంఖ్యను కనిపెట్టిన ల్యూక్ డ్యురాంట్ 13,62,79,841 అనే ఘాతాంకాన్ని పట్టుకున్నప్పుడు కూడా ముందు గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద "ప్రధాన సంఖ్య అయ్యుండొచ్చు" అనే తేలింది, తర్వాత ఇలాంటి సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో కచ్చితంగా తేల్చే లూకాస్-లెమర్ పరీక్షతో ఖరారు చేశారు. ఆ ప్రధాన సంఖ్యలో మొత్తం 4,10,24,320 అంకెలు. చివరి అంకె మాత్రం కాగితం మీదే తేల్చొచ్చు, 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి, ఈ ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి చివర 2 వస్తుంది, ఒకటి తీస్తే 1. లెక్కల టీచర్లు ఇది తప్పకుండా చేయించండి, చాలా బాగుంటుంది.

"అతిపెద్ద" అన్నచోట "అప్పటికి తెలిసినవాటిలో అతిపెద్ద" అని దిద్దుకోండి, ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు. 52వది అన్నదీ ఇప్పటిదాకా దొరికిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల లెక్కలోనే.