అక్షరాలు వెలిగితే ధ్వని వచ్చినట్టే

ఇంట్లో సర్రౌండ్ ధ్వనిని, అంటే చుట్టూ పెట్టిన స్పీకర్ల నుంచి వచ్చేదానిని, చెవులతో వింటారన్న అపోహ మన కడపలో ఇంకా కొందరిని వదలలేదు. అనుభవజ్ఞులు దానిని కళ్లతోనే వింటారు. ఆంప్లిఫయర్ ముఖాన ఉన్న చిన్న గాజు పలకపై ‘డాల్బీ ట్రూహెచ్‌డీ’ అన్న అక్షరాలు వెలిగితే వచ్చినది లాస్‌లెస్ ధ్వని, అంటే రికార్డింగులోని ఒక్క బిట్టూ పోనిది. వెలగకపోతే వచ్చినది వట్టి చప్పుడు.

ఆ అక్షరాల కోసం గృహస్థు పడే శ్రమ సామాన్యమైనది కాదు. డబ్బు పోసి కొన్న బ్లూరే డిస్కుకు ఏఏసీఎస్ అనే తాళం వేసి ఉంటుంది. దానికి తోడు ఈ డిస్కుల కోసం భూగోళాన్ని మూడు మండలాలుగా పంచినవారు అమెరికాను ‘ఏ’లోనూ, మనలను ‘సీ’లోనూ వేశారు కనుక, అక్కడి బావమరిది ప్రేమతో తెచ్చిన డిస్కును ఇక్కడి ప్లేయరు చాలాసార్లు గుర్తుపట్టనట్టే నటిస్తుంది. ఇక మిగిలిన దారి, కంప్యూటరులో డ్రైవు పెట్టి, తాళం తీసి, సినిమాను నలభై జీబీల ఫైలుగా హార్డ్‌డిస్కులోకి దించుకోవడమే. కాపీరైటు చట్టంలోకి 2012లో వచ్చిన 65ఏ సెక్షన్ ఇలా తాళం తీసేవారికి రెండేళ్ల వరకు జైలు ఉందంటుంది, అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలని కూడా అంటుంది. అక్షరాలు వెలగడం చూడాలన్న ఉద్దేశాన్ని ఏ కోవలో వేయాలో చట్టం రాసినవారికి తోచినట్టు లేదు.

ఫైలు దిగింది కదా అని సంతోషించడానికి లేదు. ఆప్టికల్ వైరు ఈ ధ్వనిని మోయలేదు. అందుకు హెచ్‌డీఎంఐ కావాలి, అదీ 2006 నాటి 1.3 లేదా ఆ తరువాతిదై ఉండాలి. మధ్యలో టీవీని పెట్టి దాని పాత ఏఆర్‌సీ దారిలో, అంటే టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ మార్గంలో, ధ్వనిని తిప్పితే, ట్రూహెచ్‌డీ పక్కనే డిస్కులో కాపలాగా ఉండే మామూలు డాల్బీ డిజిటల్ ట్రాకు, అంటే సెకనుకు 640 కిలోబిట్లకు మించనిది, తలవంచుకుని వచ్చి నిలబడుతుంది. దీనికి ఇంట్లో మరెవరూ బాధపడరు.

అసలు విషాదం వేరే ఉంది. కొన్ని ప్లేయర్లు ట్రూహెచ్‌డీని తామే విప్పి, పీసీఎంగా, అంటే కుదించని అంకెలుగా, ఆంప్లిఫయర్‌కు పంపుతాయి. మామూలు 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) ట్రాకులో విప్పేది ఇక్కడైనా అక్కడైనా వచ్చే బిట్లు అవే. ఒక్క సున్నా తగ్గదు, ఒక్క ఒకటి పెరగదు. కానీ పలకపై ‘మల్టీఛానల్ పీసీఎం’ అని పడుతుంది. ఇంతటి అవమానాన్ని సహించలేక మంచి శ్రోత సినిమాను ఆపి, సెట్టింగులలోకి వెళ్లి, ‘ఆటో’ను ‘బిట్‌స్ట్రీమ్’గా, అంటే విప్పకుండానే పంపేలా, మార్చి, పెట్టెను ఆపి మళ్లీ వేసి, కుర్చీలో ముందుకు వంగి పలకను చూస్తాడు. అక్షరాలు మారగానే ‘విన్నావా తేడా?’ అని భార్యను అడుగుతాడు. ‘వినపడిందిలేండి, ఇడ్లీపిండి రుబ్బేది ఉండాది’ అని ఆమె లేచి వెళ్తుంది. కంపెనీలు స్పీకర్లు మానేసి ఆ పలకను మాత్రమే విడిగా అమ్మితే మా వర్గానికి చాలా డబ్బు ఆదా అవుతుందన్నది నా సవినయ సూచన.

ఒక్క బిట్టు పోకుండా ఇంతదూరం వచ్చిన ధ్వని చివరికి మన గదిలో అడుగుపెడుతుంది. నేలంతా కడప బండలు, గోడకు బండల అరలు, పైన కాంక్రీటు. ఒక్క సంభాషణ వెలువడితే నాలుగు వైపుల నుంచీ తిరిగి వస్తుంది కనుక ఇక్కడ సర్రౌండ్ డిస్కు లేకుండానే ఉంది. వెనుక స్పీకర్లు శ్రోతకు దాదాపు 110 డిగ్రీల కోణంలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మా ఇంట్లో ఆ కోణంలో ఒకవైపు దేవుని గూడు, మరోవైపు బియ్యం డ్రమ్ము ఉన్నాయి. మే నెలలో కూలర్ లేకుండా కూర్చోలేము. ధ్వనిలో ఒక్కో నమూనాకు వాడే 24 బిట్లు లెక్కప్రకారం అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య 144 డెసిబెళ్ల వ్యాప్తిని ఇస్తాయి కానీ, కూలర్ హోరుకు పైన అంత ఎక్కేలోపే, 120 దగ్గరే చెవులు నొప్పి పుడతాయి. ఇక సెకనుకు 96 వేల నమూనాలు తీసే 96 కిలోహెర్ట్జ్ రికార్డింగులో 48 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని నిలుస్తుంది. మనిషి చెవి 20 దగ్గరే ఆగుతుంది కాబట్టి, ఆ పైభాగాన్ని గబ్బిలాలకు చేసిన దానంగా భావించాలి.

ప్రభుత్వం కూడా సహకరించడం లేదు. సినిమా హాలు ప్రమాణంలో ఒక్కో ఛానల్ 105 డెసిబెళ్ల దాకా లేవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలేమో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 చాలునంటాయి. ఈ తగాదాలో న్యాయనిర్ణేత పక్కింటాయనే. ‘అన్నా, రోంత తగ్గిచ్చుకోన్నా, పిల్లోనికి పరీక్షలుండాయి’ అని గేటు దగ్గర నిలబడి ఆయన మర్యాదగా అడిగినప్పుడు, నైట్ మోడ్ నొక్కక తప్పదు. అది పిడుగును, గుసగుసను ఇంచుమించు ఒకే ఎత్తుకు తెస్తుంది. పలకపై అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు, అది చాలు. ఆ కుర్రవాడు పరీక్షలు నెగ్గి, ఉద్యోగం వచ్చి, మొదటి జీతంతో ఆంప్లిఫయర్ కొన్ననాడు ఆ పెద్దమనిషి ఎవరి గేటు దగ్గరికి వెళ్తాడో చూడాలని ఉంది.