రెప్ప వేస్తేనే పెన్షన్

మా మావయ్య బతికే ఉన్నారని నిరూపించే పని నిన్న నా నెత్తిన పడింది. ఏటా మా బావమరిది చూసుకునే వ్యవహారం. ఈసారి వాడు ఊళ్లో లేడు. "రెండు నిమిషాల పని, ఫోన్‌లోనే అయిపోతుందట" అంది మా ఆవిడ. ఉద్దానంలో వాళ్ల ఊళ్లో సిగ్నల్ కావాలంటే కొబ్బరిచెట్టు ఎక్కాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక ఎక్కడానికి చెట్లూ పెద్దగా మిగల్లేదు. అందుకని మావయ్యను బండెక్కించుకుని కాశీబుగ్గలో ఒక ఆన్‌లైన్ సెంటర్‌కు తీసుకెళ్లాను.

"ఏటి బాబూ, నాను సచ్చిపోనాననుకుంటున్నారేటి?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. అడగరా మరి? 1963లో, చైనా యుద్ధం అయిన మరుసటి ఏడాది, ఆర్మీలో చేరారు. 1984లో హవల్దారుగా దిగిపోయారు. ఉద్యోగం 21 ఏళ్లు, పెన్షన్ 41 ఏళ్లు. ఇలాంటి మనిషి మీద ఏ ప్రభుత్వానికైనా అనుమానం వస్తుంది. పైగా 80 దాటితే పెన్షన్ మీద 20 శాతం అదనం, 90 దాటితే 40, వందేళ్లు నిండితే నూటికి నూరు శాతం. మావయ్య చూపు ఆ చివరి అంకె మీదే ఉంది. రాత్రి అన్నంలో నెయ్యి కూడా ఆ లెక్కతోనే మానేశారు.

ఇదివరకు బ్యాంకులో మేనేజరు తలెత్తి చూసి, "ఏం సుబేదారు గారూ, బాగున్నారా?" అని సంతకం పెట్టేసేవాడట. హవల్దారుకు ఏడాదికోసారి ఉచితంగా ప్రమోషన్ కూడా దొరికేది. ఇప్పుడు ఆ చూసే పని యంత్రానికి అప్పగించారు.

వేలిముద్ర పడలేదు. నలభై ఏళ్లుగా జీడితోటలో పిక్కలు ఏరి, కాల్చి, కొట్టిన చేతులు. పెంకులో నూనెకి వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. సెంటర్ కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తియ్యకుండానే, "అయితే ఫేస్ పెడదాం" అని ఫోన్ ఎత్తాడు.

అసలు కథ అక్కడ మొదలైంది.

ఫోన్ ఎదురుగా పెట్టగానే మావయ్య కుర్చీలోంచి లేచారు. మడమలు కలిశాయి, ఛాతీ ముందుకొచ్చింది, గడ్డం లేచింది. సావధాన్! ఎదురుగా ఉన్నది జనరల్ గారైనా, చైనా ఫోనైనా ఆయనకు ఒకటే.

"కళ్లు ఆర్పండి తాతగారూ" అన్నాడు కుర్రాడు.

ఆర్పలేదు. ఆయన ఎందుకు ఆర్పుతారు? 1971 యుద్ధంలో తూర్పు పాకిస్తాన్‌లో లొంగిపోయిన 93 వేల మంది పాకిస్తానీలను మన దేశంలో శిబిరాల్లో ఉంచారు కదా, అలాంటి ఒక శిబిరంలో మావయ్య కాపలా కాశారు. "రెప్ప ఏసేవంటే ఖైదీ జారిపోతాడు" అని అప్పటి సుబేదారు చెప్పిన మాట ఇంకా అమల్లోనే ఉంది. ఎవరూ ఆ ఆర్డరు రద్దు చెయ్యలేదు.

ఫోన్ గొడవ ఇంకోలా ఉంది. మనిషి కదలకపోతే ఎవరో ఫొటో పట్టుకుని మోసం చేస్తున్నారనుకుంటుందట. బతికుంటే రెప్ప వెయ్యాలి. వెయ్యకపోతే ఫొటో. ఫొటో అయితే ఇక దండే తక్కువ. కదలకుండా నిలబడమని 21 ఏళ్లు జీతమిచ్చి నేర్పించినదీ వీళ్లే, కదిలితేనే పెన్షన్ అంటున్నదీ వీళ్లే.

"బ్లింక్ చెయ్యండి." చెయ్యలేదు. "బ్లింక్!" గుడ్లు ఇంకాస్త పెద్దవయ్యాయి. ఎడమ కంటి చివర ఒక నీటిచుక్క ఊరి, రెప్ప అంచున ఆగింది. అదీ సావధాన్‌లోనే ఉంది. వెనక లైన్లో ఆధార్ మార్పులకొచ్చిన జనమంతా సాయంగా కళ్లు టపటపలాడించడం మొదలెట్టారు. చూసి నేర్చుకుంటారని కాబోలు. నేను ఆయన మొహం ముందు చప్పట్లు కొట్టాను. లాభం లేదు. ఇక వంగి, కళ్లలోకి "ఉఫ్" అని ఊదాను.

పిల్లనిచ్చిన మామ మొహం మీద, పట్టపగలు, పదిమందిలో. ఒకసారి ఊదితే చాలక మళ్లీ మళ్లీ.

చంకలో పిల్లాడితో ఉన్న ఒకావిడ జాలిగా దగ్గరకొచ్చింది. "తాతకి గాలి సోకిందేటి బాబూ? మా ఊళ్లో ఒకాయన ఉన్నాడు, బాగా ఏస్తాడు మంత్రం."

ఆవిడకు జవాబు చెప్పేలోగా ఫోన్ కీచుమంది. ఊదడానికి వంగినప్పుడు నా మొహమే దానికి చిక్కింది, నా రెప్పలే లెక్కలోకెళ్లాయి. మొహం కలవలేదని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. నేను మావయ్యను కానని ప్రభుత్వం క్షణంలో కనిపెట్టేసింది. ఆయన ఆయనేనని కనిపెట్టడానికే పొద్దుపోతోంది.

"మధ్యలో మీరెందుకు సార్ దూరడం?" అని కుర్రాడు విసుక్కున్నాడు. అప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్ తీశాడు.

మళ్లీ మొదటినుంచీ. ఆధార్ నంబరు, ఓటీపీ, సావధాన్. సరిగ్గా అప్పుడే పక్క టిఫిన్ బండి వాడు చట్నీకి తాలింపు పెట్టాడు. ఎండుమిరపకాయల ఘాటుకి లైనంతా దగ్గింది. మావయ్య ముక్కుపుటాలు అదిరాయి. సుబేదారు ఆర్డరు ఆ ఘాటు ముందు నిలవలేదు. బల్ల మీద కాగితాలు లేచిపోయేలా తుమ్మారు, రెప్పలు వాలాయి, ఫోన్ పచ్చగా వెలిగింది.

కుర్రాడు సర్టిఫికెట్ ప్రింటు తీసి, "వంద రూపాయలు" అన్నాడు.

"బతికున్నందుకు వంద రూపాయలా?" మావయ్య కళ్లు తుడుచుకుంటూ అడిగారు. "మరి సచ్చిపోతే ఎంత తీసుకుంటావు?"

"అది మా దగ్గర అవదు తాతగారూ, మున్సిపల్ ఆఫీసుకెళ్లాలి. తర్వాత ఎవరండీ?"