ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పాఠాన్ని నేరడి బ్యారేజీ నుంచి మొదలుపెట్టండి

బరంపురం నుంచి రాయగడ దాకా మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఎంబీఏ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ అనే పేపరు ఒకటి తగులుతుంది. పరీక్ష ముందు రెండు రాత్రులు గట్టిగా కూర్చుంటే గట్టెక్కిపోయే పేపరు. 1957లో డ్యూపాంట్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన క్రిటికల్ పాత్ (ఏ పనులు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందో చెప్పే లెక్క), మరుసటి ఏడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారుచేయించిన పెర్ట్ (పనులకు పట్టే కాలాన్ని అంచనా వేసే పద్ధతి), వాటికంటే పాతదైన గాంట్ చార్టు (ఏ పని ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది గీతలుగా చూపే పట్టిక), ఈ మూడు లెక్కలూ వస్తే పాస్ మార్కులకు ఢోకా లేదు. ఆ లెక్కలు అక్కర్లేదని నేను అనను. కానీ వాటిని తప్పుల్లేకుండా చేసిన కుర్రాడికి కూడా అసలు ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలియకుండానే డిగ్రీ చేతికొస్తోంది, నా బాధ అది.

అందుకే సూటిగా చెబుతున్నాను. ఈ పేపరులో సగం మార్కులు ఆన్‌లైన్ రోల్‌ప్లేకి ఇచ్చేయాలి. ఒక పూట వర్క్‌షాప్ పెట్టి, ఫొటో దిగి, సర్టిఫికెట్లు పంచే రకం కాదు, సెమిస్టర్ మధ్యలో ఆరు వారాలు నడిచే ఆట. ఒకరు ప్రాజెక్టు మేనేజరు, ఒకరు కాంట్రాక్టరు, ఒకరు జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు, ఒకరు డబ్బిచ్చే శాఖ అధికారి, ఒకరు ఆ ఊరి సర్పంచి. ఎవరి చేతికి వాళ్ల కాగితం వస్తుంది, అందులో ఏముందో పక్కవాడికి తెలియదు. మాట్లాడుకోవడమంతా రాతలోనే, మెయిళ్లు, గ్రూప్ మెసేజ్‌లు, మీటింగ్ మినిట్స్. మధ్యమధ్యలో మాస్టారు ఒక వార్త వదులుతారు, సిమెంటు రేటు పెరిగిందనో, ఊళ్లో ఒకాయన స్థలం నాదంటూ కోర్టుకెళ్లాడనో.

ఎదురెదురుగా కూర్చుని ఆడించొచ్చు కదా, ఆన్‌లైన్ ఎందుకు అని అడుగుతారు. నా వాదనంతా ఇక్కడే ఉంది. క్లాస్‌రూమ్‌లో నాటకం వేస్తే అడిగిన ప్రశ్నకు అవతలివాడు వెంటనే జవాబిస్తాడు, ఎందుకంటే ఎదురుగా ఉన్నాడు, ఇవ్వక తప్పదు. నిజం ప్రాజెక్టుల్లో అలా ఎక్కడ జరుగుతుంది? మెసేజ్ పెడతాం, అవతల చూస్తారు, జవాబు రాదు. రెండు రోజులు, నాలుగు రోజులు, వారం. ప్రాజెక్టులను చంపేది ఆ మౌనమే, గంట క్లాసులో దాన్ని పుట్టించడం ఏ మాస్టారి వల్లా కాదు. రోజుల తరబడి సాగే ఆన్‌లైన్ ఆటలో అది దానంతటదే పుడుతుంది.

ఈ ప్రాంతంలోని ఒక కాలేజీలో ఇలాంటి ఆట జరుగుతుంటే దగ్గరుండి చూశాను. ప్రాజెక్టు కల్పితమే, గునుపురం దగ్గర ఒక హాస్టల్ భవనం. కాంట్రాక్టరు పాత్ర వేసిన అమ్మాయి మంగళవారం రాత్రి రాసింది: "సార్, రెండో బిల్లు పడకపోతే మేస్త్రీలను ఆపడం నా వల్ల కాదు. శనివారం వాళ్లకు కూలి ఇవ్వాలి." ప్రాజెక్టు మేనేజరు కుర్రాడు మెసేజ్ చూశాడు. జేఈని కనుక్కుని చెబుదాం అనుకున్నాడు. జేఈ వేషం వేసినవాడి కాగితంలో ఏముందంటే, అతనికి బదిలీ ఆర్డరు వచ్చేసింది, పోయే ముందు చేసిన పని కొలతలు రాసే ఎం బుక్ మీద సంతకం పెట్టి లేనిపోని తలనొప్పి తెచ్చుకోవడం అతనికి ఇష్టం లేదు. అందుకని అతనూ పలకలేదు. శుక్రవారానికి ఆ అమ్మాయి మేస్త్రీలను ఇంకో సైటుకు పంపేసింది, శ్లాబు ఆగిపోయింది, ఆ శ్లాబు క్రిటికల్ పాత్ మీదే ఉంది. ఏ పని ఎన్నాళ్లు ఆలస్యమైనా ఫర్వాలేదో చెప్పే ఫ్లోట్ లెక్కల్లో క్లాసులో ముందుండే కుర్రాడు ఆ ప్రాజెక్టు మేనేజరు. ఆట ముగిశాక అందరి మెసేజ్‌లూ వరసగా తెరమీద వేసినప్పుడు చాలాసేపు చూసి, "చూశాను కదా అనుకున్నాను సార్, జవాబివ్వలేదన్న సంగతే తట్టలేదు" అన్నాడు. ఏ తేదీన ఎవరు ఊరుకున్నారో అంతా రికార్డులో ఉంది, బుకాయించడానికి లేదు. ఆ కుర్రాడన్న మాట పుస్తకం ఏ పిల్లాడి చేతా అనిపించలేదు.

రిస్కుల పట్టిక సంగతీ ఇంతే. పిల్లలు రాసే ప్రతి ప్రాజెక్టు రిపోర్టులో "ప్రకృతి వైపరీత్యాలు, అవకాశం తక్కువ" అని ఒక గడి ఉంటుంది, ఎక్కడో రాసిన రిపోర్టులోంచి కాపీ కొట్టింది. ఎవరు రాస్తున్నారు ఇది? గంజాం, గజపతి జిల్లాల పిల్లలు! 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి గజపతి జిల్లా కొండల్లో మట్టిపెళ్లలు విరిచి పడేసింది. ఇది తెలిసిన పిల్లలే అక్టోబరు రెండో వారంలో శ్లాబ్ పోత పెట్టుకుంటారు, ఎందుకంటే కాగితం మీద ఆ తేదీ ఖాళీగా కనిపిస్తుంది. ఆటలో ఒక్కసారి ఆ వారం తుఫాను హెచ్చరిక పడితే చాలు, ఆ గడిలో "తక్కువ" అని జన్మలో రాయరు.

వద్దనేవాళ్లు చెప్పేవి మూడు మాటలు. కొండ ఊళ్లలో నెట్‌వర్క్ ఉండదని, జవాబులు ఏఐతో రాయించేస్తారని, మాస్టార్లకు పని పెరుగుతుందని. రాతతో నడిచే ఆటకు వీడియోలకు కావాల్సినంత నెట్ అక్కర్లేదు, పొద్దున్నో సాయంత్రమో సిగ్నల్ దొరికినప్పుడు పెట్టినా సరిపోతుంది. ఏఐ చక్కటి ఉత్తరం రాసిపెడుతుంది సరే, కాంట్రాక్టరు అలిగి సైటు ఖాళీ చేస్తే తన టీమ్ ముందు నిలబడి సమాధానం చెప్పాల్సింది ఆ పిల్లాడే. పని పెరుగుతుందన్నది మాత్రం నిజం, కాబట్టి దానికి తగ్గట్టు క్లాసుల గంటలు తగ్గించాలి, అది యాజమాన్యం చేయాల్సిన పని.

భాష దగ్గర మాత్రం నేను రాజీపడను. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, క్లాసులో ఇంగ్లిష్. మూడోదానిలో తడబడతారు కాబట్టి నోరు విప్పరు, విప్పరు కాబట్టి చురుకు లేదంటారు. ఆటలో పై ఆఫీసుకు వెళ్లే లెటర్ ఇంగ్లిష్‌లో ఉండనివ్వండి, బేరాలు, బుజ్జగింపులు, కోపాలు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లని రాసుకోనివ్వండి. ఆ కాంట్రాక్టరు అమ్మాయి క్లాసులో నోరెత్తగా నేను చూడలేదు. తెలుగులో రాయొచ్చు అనేసరికి జేఈని నిలదీసి అడిగింది.

ఇంతకీ ఏ ప్రాజెక్టు మీద ఆడించాలి? ఎక్కడిదో షాపింగ్ మాల్ ఎందుకు, మన కళ్లముందే వంశధార నది ఉండగా. 1962లో రెండు రాష్ట్రాలూ నీళ్లు చెరిసగం అనుకున్నాయి. నేరడి దగ్గర బ్యారేజీ కడతామని ఆంధ్ర, మా వైపు భూమి పోతుందని, ముంపు వస్తుందని ఒడిశా. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో కట్టుకోవచ్చని తీర్పు వచ్చింది. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు, రెండు రాష్ట్రాలూ మావంటున్న కొఠియా గ్రామాలు, ఈ మూడింటి గురించీ మాట్లాడుకున్నారు. బ్యారేజీ మాత్రం ఇప్పటికీ లేవలేదు. జంఝావతిలోనూ ఒడిశా వైపు ముంపు తేలకే రబ్బరు డ్యామ్‌తో సరిపెట్టుకున్నారు. వీటిలో ఏదీ ఇంజనీరింగ్ తెలియక ఆగలేదు. ఇటువాళ్లకు అటువాళ్ల భయం ఏమిటో తెలియక, తెలుసుకోవాలన్న ఓపిక లేక ఆగాయి. నాకు ఈ ఆట మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రేపు ఈ ఫైళ్ల మీద కూర్చోబోయేది ఇవాళ ఈ క్లాసుల్లో ఉన్న పిల్లలే.

భంజ విహార్‌లో బరంపురం యూనివర్సిటీ ఉంది, ఎచ్చెర్లలో శ్రీకాకుళం అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది. రెండింటి పిల్లలతో కలిపి నేరడి ఆట ఆడించండి, పాత్రలు తిరగేసి. బరంపురం పిల్లలు ఆంధ్ర జలవనరుల శాఖ, శ్రీకాకుళం పిల్లలు ఒడిశా అధికారులు, ముంపు భయమున్న ఊళ్ల రైతులు. పొలానికి నీళ్లందని శ్రీకాకుళం రైతు కొడుకు ఆరు వారాల పాటు గజపతి జిల్లా రైతు పేరు మీద అభ్యంతరాలు రాయాలి, అవీ ట్రిబ్యునల్ కాగితాలు చదివి, గట్టిగా. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు, ఇంటర్నల్ మార్కులుగా మొదలుపెడితే సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ వేసే ముందు రెండు డిపార్ట్‌మెంట్ల హెడ్‌లు ఒకసారి ఫోన్లో మాట్లాడుకోండి.