ఎముక విరగలేదని పిల్లాణ్ని ఇంటికి పంపేయకండి

అమ్యూజ్‌మెంట్ పార్కులో రైడ్ మీంచి పిల్లాడు పడ్డాడు, లేదంటే సీట్లోంచి పడకుండా అడ్డంగా దించే సేఫ్టీ బార్ వచ్చి గుండెల మీద గట్టిగా కొట్టుకుంది, పైకి కాస్త కమిలింది అంతే, ఎక్స్‌రేలో ఎముకలన్నీ బానే ఉన్నాయి, ఇంకేం పర్లేదు తీసుకెళ్లిపోండి అంటారు. మా భయమంతా ఈ మాట దగ్గరే.

పెద్దవాళ్ల పక్కటెముకలు దెబ్బకి విరుగుతాయి, విరుగుతూ ఆ దెబ్బలో కొంత అవే తీసేసుకుంటాయి. పిల్లలవి ఇంకా మెత్తన, వంగి మళ్లీ మామూలైపోతాయి, దాంతో దెబ్బంతా తిన్నగా లోపలున్న ఊపిరితిత్తులకి, ఒక్కోసారి గుండెకి కూడా తగుల్తుంది. ఊపిరితిత్తి కమిలితే మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, తర్వాత 24 నుంచి 48 గంటల్లో ముదరొచ్చు. ఇక పిల్లలకి పక్కటెముకలే విరిగాయంటే దెబ్బ చాలా బలంగా తగిలినట్టే, లోపల ఇంకేం దెబ్బతిన్నాయో వెంటనే చూడాలి.

ఊపిరి గబగబా తీస్తున్నా, తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, దగ్గితే రక్తం పడినా ఒక్క నిమిషం ఆగొద్దు. ఏడ్చి ఏడ్చి పిల్లాడు ఉన్నట్టుండి ఊరుకున్నాడంటే తగ్గిందిలే అనుకోవద్దు, ఏడవడానికి ఊపిరి చాలట్లేదేమో చూడండి.

అసలు దెబ్బ తగిలేదాకా ఎందుకు రావాలి? ఇద్దరికీ కలిపి ఒకటే బార్ ఉన్న సీట్లో నాన్న పక్కన పిల్లాణ్ని కూర్చోబెడితే బార్ వెళ్లి నాన్న తొడల మీద ఆగిపోతుంది, పిల్లాడి దగ్గర మాత్రం బోలెడు ఖాళీ, రైడ్ ఒక్క కుదుపు కుదిపిందంటే పిల్లాడు కిందికి జారి బార్ నేరుగా ఛాతీకి తగుల్తుంది. గేటు దగ్గర ఎత్తు కొలిచి పంపేస్తారు గానీ బార్ ఒంటికి సరిగ్గా ఆనిందో లేదో ఆ కొలత చెప్పదు కదా. 2022లో అమెరికాలోని ఓర్లాండోలో ఒక డ్రాప్ టవర్ (పైదాకా తీసుకెళ్లి ఒక్కసారిగా కిందికి వదిలే రైడ్) మీంచి 14 ఏళ్ల అబ్బాయి పడి చనిపోయాడు, బిగింపు సరిగ్గా పడిందో లేదో చూసే అతని సీటు సెన్సర్‌ని చేత్తో మార్చారని, దాంతో బిగింపు దగ్గర ఖాళీ మామూలుకంటే దాదాపు రెట్టింపు ఉన్నా రైడ్ కదిలిందని దర్యాప్తులో తేలింది.

అందుకే మేం గట్టిగా అడుగుతున్నాం, పిల్లలెక్కే రైడ్‌లో ఎవరి బార్ వాళ్లకి ఉండాలి, ఆపరేటర్ ప్రతి సీటు చేత్తో లాగి చూశాకే బటన్ నొక్కాలి, సెన్సర్ ఎవరు ముట్టుకున్నా పేరు, టైమ్ రాసిపెట్టాలి. ఆస్పత్రుల్లో కూడా, ఛాతీకి గట్టి దెబ్బ తగిలిన పిల్లల్ని ఎక్స్‌రే బాగుందని వెంటనే పంపకుండా కొన్ని గంటలు ఆక్సిజన్ లెవెల్ చూస్తూ ఉంచుకోవాలి.