ఆ విండ్‌షీల్డ్ మెసేజ్ ఇంక నాకు పంపొద్దండి

ధనుర్మాసం వచ్చిందంటే మావాళ్ల ఫోన్లలో రెండు రకాలు తిరుగుతాయి. ఒకటి తిరుప్పావై పాశురాలు, రెండు చలికి చిట్కాలు. మొదటివాటితో నాకు పేచీ లేదు. రెండో రకంలో ఈసారి ఒక మెసేజ్ పట్టుకుంది. ఇప్పటికి పదకొండు మంది పంపారు. మా బావమరిది రెండుసార్లు పంపి, కింద "బావా, షీట్లు మన షాపులోనే ఉండాయి గదా, నాకూ ఒకటి కోసీ" అని రాశాడు.

తిరుపతిలో నాది బోర్డుల షాపు. పొద్దున లేస్తే అక్రిలిక్ అనే అద్దంలాంటి ప్లాస్టిక్ షీట్లు కోయడం, అక్షరాలు అతికించడం. నెలకు రెండుసార్లు తెల్లవారుజామున నాలుగింటికి బండి తీసి పలమనేరు పోతాను, అమ్మ అక్కడుంది. కాబట్టి షీటు సంగతీ తెలుసు, చలి సంగతీ తెలుసు. అందుకే ఒళ్లు మండుతోంది.

మెసేజ్ చూడనివాళ్ల కోసం దాని సారం ఇది. 15 డిగ్రీల చలి 60 స్పీడులో మైనస్ 5 అయిపోతుంది, గుండెలో రక్తం గడ్డకడుతుంది. అందుకని ఇంట్లోనే 200 రూపాయల్లో బైకుకు విండ్‌షీల్డ్ చేసుకోండి. అవతలివైపు కనబడే షీటు ఏదైనా పనికొస్తుంది, పాత ఫొటో ఫ్రేము అద్దమైనా సరే. గ్యాస్ స్టవ్ మీద కాచి వంచండి. హ్యాండిల్‌కు ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం. తలకంటే ఎత్తు పెట్టుకుంటే హెల్మెట్ అక్కర్లేదు. మైలేజీ 10 కిలోమీటర్లు పెరుగుతుంది. మరకలు పడితే పెట్రోలు గుడ్డతో తుడవండి. చేతులకు పాల ప్యాకెట్ కవర్లు తొడుక్కోండి. చివర్న మామూలే, పదిమందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి.

మైనస్ 5 సంగతి ముందు తేల్చేద్దాం. గాలి తగిలితే ఒంట్లో వేడి తొందరగా పోతుంది, చలి ఎక్కువనిపిస్తుంది, నిజమే. దానికి అమెరికా, కెనడా వాతావరణశాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ఒకటుంది. 10 డిగ్రీల చలిలో 60 వేగంతో పోతే ఆ లెక్క ప్రకారం ఒంటికి 5 డిగ్రీలున్నట్టు అనిపిస్తుంది. 10 దగ్గర 5 అయితే 15 దగ్గర మైనస్ 5 ఎట్లవుతుంది సామీ? అదీ అనిపించడమే. గాలి ఎంత కొట్టినా ఏ వస్తువూ బయటున్న చలికంటే కిందికి చల్లబడదు, తడి ఉంటే తప్ప. మెసేజ్ నిజమైతే పలమనేరు దారిలోని మొగిలి ఘాట్ ఎక్కేసరికి నా బండికి తగిలించిన నీళ్ల బాటిల్లో ఐసు తేలాలి. ఇన్నేళ్లలో ఒక్కసారీ తేలలేదు.

మైలేజీ పెరగదు. గాలికి అడ్డంగా షీటు నిలబెడితే ఇంజను ఎక్కువ లాగాలి, తగ్గుతుంది. తర్వాత.

పెట్రోలుతో తుడిస్తే మొదటిరోజు మెరుస్తుంది. తర్వాత షీటంతా సాలెగూడులాగా సన్నని పగుళ్లు తేలతాయి, ముఖ్యంగా పాలికార్బొనేట్ (విరక్కుండా వంగే గట్టి ప్లాస్టిక్) అయితే. ఇంట్లో కిటికీ అద్దాలకు కొట్టే నీలం స్ప్రేలో అమ్మోనియా ఉంటే అదీ అంతే. సబ్బునీళ్లు, మెత్తటి నూలుగుడ్డ చాలు. ముందు నీళ్లు పోసి దుమ్ము కడగాలి, పొడిగుడ్డతో రుద్దితే గీతలు.

ఇక అసలు విషయం. "షీటు ఏదైనా పనికొస్తుంది."

ఈ ఒక్క వాక్యం రాసినవాణ్ణి నా షాపులో ఒకరోజు కూర్చోబెట్టాలని ఉంది. ఫొటో ఫ్రేము అద్దమట. కిందపడితే చీపురు తెచ్చి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకుండా ఊడుస్తాం చూడండి, ఆ అద్దం. దాన్ని గొంతుకు రెండడుగుల దూరంలో నిలబెట్టుకుని మొగిలి ఘాట్లో లారీల మధ్య పోవాలట. పెళ్లిఫొటో కూడా తీయకుండా బిగించుకోండి, బంధువులకు గుర్తుపట్టడం తేలికవుతుంది.

అద్దం సంగతి ఎవరైనా ఆలోచిస్తారులే అనుకుందాం. మోసం చేసేది అక్రిలిక్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అద్దంకంటే తెల్లగా, తేలిగ్గా. మా బోర్డులన్నీ అదే. మార్కెట్లో మనవాళ్లు అవతలివైపు కనబడే ప్లాస్టిక్కు ప్రతిదాన్నీ "ఫైబర్" అంటారు. "ఫైబర్ షీటివ్వన్నా" అని అడిగితే అక్రిలిక్ ఇచ్చినా తప్పు లేదు, పాలికార్బొనేట్ ఇచ్చినా తప్పు లేదు. రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. తేడా విరిగేటప్పుడు తెలుస్తుంది.

నాకు అట్లాగే తెలిసింది. మూడేళ్ల క్రితం నేనూ ఇదే పని చేశాను, ఏ మెసేజూ లేకుండానే. ఒక బట్టల కొట్టు బోర్డు చేశాక 3 ఎంఎం అక్రిలిక్ ముక్క మిగిలింది. కొలత కూడా కుదిరింది. నాలుగు రంధ్రాలు వేసి, క్లాంపులతో హ్యాండిల్‌కు బిగించాను. రెండు వారాలకు కుడివైపు బోల్టు పక్కన వెంట్రుకంత తెల్లగీత కనబడింది. చుక్క గమ్ము వేసి వదిలేశాను. షీట్లతో బతికేవాణ్ణి, నాకు తెలియదా అని పొగరు.

ఆ శనివారం బంగారుపాళెం దాటాక టీ కొట్టు దగ్గర ఆపబోతుంటే కుక్క అడ్డమొచ్చింది. స్పీడు 20 కూడా లేదు. బండి ఎడమవైపుకు ఒరిగింది, నేను ముందుకు పడ్డాను. మోకాలు గీరుకుంది, అంతే అనుకున్నాను. లేచి చూస్తే షీటు మూడు ముక్కలు. ఆ తెల్లగీత నుంచే చీలింది. అందులో ఒక ముక్క జానెడు పొడవుంది, కొస సూదిలాగా ఉంది, అది జెర్కిన్ కాలర్లో దిగి జిప్పు పట్టీని కోసి ఆగింది. టీ కొట్టాయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బయటికి లాగి, నా మెడ చూసి, "ఏమన్నా, ఇది యాడ పెట్టుకోని వచ్చినావు?" అన్నాడు. మెడ మీద గోటి గీతంత ఎర్రగా ఉంది. కాలరు మందంగా ఉండబట్టి గీతతో పోయింది. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. ఇప్పుడు షాపుకొచ్చి ఎవరైనా ఈ మెసేజ్ చూపిస్తే, మాట్లాడకుండా సొరుగు తీసి చూపిస్తున్నాను.

విండ్‌షీల్డ్‌కు కావాల్సింది పాలికార్బొనేట్. దెబ్బ తగిలితే వంగుతుంది, సొట్ట పడుతుంది, అక్రిలిక్‌లా పెచ్చులుగా లేవదు. ఏది ఏదో తెలియాలంటే షాపువాణ్ణి రెండు వేళ్ల వెడల్పు ముక్క అడగండి. కళ్లకు అద్దాలు పెట్టుకుని, ముక్కను గుడ్డలో చుట్టి, బెంచి వైసులో (బల్లకు బిగించి ఉండే పట్టుడు పరికరం) బిగించి మడవండి. పుటుక్కున విరిగితే అక్రిలిక్. మొండిగా మడత పడితే పాలికార్బొనేట్. మంచి షీటుకు ఒకవైపు ఎండ తట్టుకునే పూత ఉంటుంది, ఏ వైపో పైనున్న కవరు మీద అచ్చువేసి ఉంటుంది. ఆ వైపు బయటికి రావాలి. తిరగేసి బిగిస్తే మన ఎండలకు పసుపుపచ్చబడుతుంది. ఇదంతా 200 రూపాయల్లో అయిపోతుందని నేను చెప్పలేను, నా షాపులో అయితే కాదు.

ఇక గ్యాస్ స్టవ్ మీద కాచడం. అక్రిలిక్‌కు మంట అంటుకుంటే చక్కగా మండుతుంది. పాలికార్బొనేట్ గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది, ముందు ఓవెన్లో గంటల తరబడి ఆరబెట్టకుండా వేడిచేస్తే లోపల బుడగలు లేస్తాయి. అసలు కాచాల్సిన పనే లేదు. 3 ఎంఎం పాలికార్బొనేట్‌ను చల్లగానే వంచొచ్చు, వంపు మరీ బిగుతుగా లేకపోతే చాలు. బైకుకు కావాల్సింది ఆ మాత్రం వంపే. క్లాంపులే దాన్ని వంచి పట్టుకుంటాయి.

"ఎంత బిగిస్తే అంత భద్రం" అన్నదే నా షీటును చీల్చింది. ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 50 సెంటీమీటర్ల షీటు 30 డిగ్రీల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు కదులుతుంది. కదలడానికి చోటు లేకపోతే రంధ్రం అంచున పగులు పుడుతుంది. 6 ఎంఎం బోల్టుకు 8 ఎంఎం రంధ్రం వేసి, రెండువైపులా రబ్బరు వాషర్లు పెట్టాలి. బోల్టు నైలాన్‌ది అయితే ఇంకా మేలు, పడ్డప్పుడు షీటుకంటే ముందు అదే తెగుతుంది. చేత్తో తిప్పి, ఇంకో పావు మలుపు, చాలు.

గాలి బరువు ఎంతో కూడా మెసేజ్ రాసినవాడికి తెలిసినట్టు లేదు. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు షీటును దాదాపు నిటారుగా పెడితే 40 వేగంలో దాని మీద రెండు కిలోల తోపు పడుతుంది. 60లో నాలుగు. 80లో ఏడు. ఆ ఏడు కిలోలూ పడేది హ్యాండిల్ మీద. ఎదురుగా బస్సు దూసుకుపోయినప్పుడు హ్యాండిల్‌ను ఎవరో పక్కకు నెట్టినట్టు ఉంటుంది. అందుకే చిన్నగా, వెనక్కి వాల్చి పెట్టుకోవాలి, కొత్తలో 50 దాటకూడదు. బిగించాక హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, బ్రేకు, క్లచ్ కేబుళ్లు ఎక్కడైనా పట్టేస్తున్నాయేమో చూడాలి.

తలకంటే ఎత్తు, హెల్మెట్ అక్కర్లేదు. ఇక్కడ నా ఓపిక అయిపోయింది.

పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరులో ఘాట్ ఎక్కేసరికి మంచు పాలలాగా కమ్ముతుంది. షీటు మీద నీటి బొట్లు చేరతాయి. ఎదురు లారీ లైటు ఒక్కో బొట్టులో ఒక్కో దీపంలా పగులుతుంది. హెల్మెట్ అద్దమైతే పైకెత్తుతాం, వేలితో తుడుస్తాం. తల మీదుగా పోయే షీటును ఏం చేస్తారు, కారు వైపర్ బిగిస్తారా? షీటులోంచి చూడకూడదు, షీటు మీదుగా చూడాలి. బండి మీద కూర్చుంటే పై అంచు ముక్కు దగ్గరకు రావాలి. గాలి ఆ అంచు తాకి పైకి లేచి హెల్మెట్ మీదుగా పోతుంది. షీటు కింద మూడు వేళ్ల సందు వదలాలి, లేకపోతే వెనకాల గాలి సుడి తిరిగి హెల్మెట్‌ను డబడబా కొడుతుంది.

హెల్మెట్ ఎందుకో నేను చెప్పను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో "చలికాలం, విండ్‌షీల్డ్ ఉన్నవాళ్లకు మినహాయింపు" అని ఎక్కడైనా కనబడితే ఫొటో తీసి పంపండి. వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవడం నాకు పెద్ద విషయం కాదు. రోడ్డుకు తలతో పనేముంది, ఏది ముందు తగిలితే అదే దానికి.

ఇక పాల ప్యాకెట్ కవర్లు. ఇది చదివి గట్టిగా నవ్వాను. బావమరిదికి వెటకారంగా రిప్లై కూడా ఇచ్చాను. మొన్న పలమనేరు పోతూ చిత్తూరు దాటాక వేళ్లు మొద్దుబారాయి. బ్రేకు లివరు మీద వేలుందో లేదో తెలియడం లేదు. చలిలో ఇదే అన్నిటికంటే ప్రమాదం, దీన్ని ఇంత చిన్న విండ్‌షీల్డ్ ఆపలేదు, చేతులు దానికి బయటే ఉంటాయి కాబట్టి. అమ్మకు తీసుకుపోతున్న సంచిలో కడిగి ఆరబెట్టిన పాల కవర్లు ఉన్నాయి, మొక్కలకు మట్టి పోసుకుంటుంది. రెండు తీసి చేతులకు తొడిగి, పైన గ్లౌజులు వేసుకున్నాను. పది నిమిషాల్లో వేళ్లు తిరిగొచ్చాయి. లోపల చెమటకు కొంచెం జిగటగా ఉండింది, అంతే. కవరు గ్లౌజు లోపలే ఉండాలి, పైన వేస్తే లివరు జారుతుంది. అంత చెత్త మెసేజ్‌లో అదొక్కటి సరిగ్గా రాశాడు. అది రాసినవాడు కచ్చితంగా వేరేవాడు అయ్యుంటాడు, పాలు పోసేవాడెవరో.

బావమరిదికి వెటకారం వెనక్కి తీసుకుంటున్నానని ఇక్కడే చెబుతున్నా. ఒరేయ్, ఆదివారం బండి తీసుకుని షాపుకు రా. అట్టతో అచ్చు కోసి పెట్టాను, నువ్వు సీటు మీద కూర్చుంటే గానీ ఎత్తు తేలదు. హెల్మెట్ పెట్టుకునే రా, గాలి దాని మీద ఎక్కడ తగులుతుందో చూసి పై అంచు కోయాలి.