పండ్లు తింటే లావెక్కుతారా?

"రోజూ పండ్లు తింటే లావెక్కుతారు, వెంటనే మానేయండి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేశాను. ఈసారి పంపిన స్నేహితురాలు "పిల్లలున్నవాళ్లు తప్పక చదవండి" అని పైన ఒక ముక్క చేర్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

సాయంత్రం ఆరు దాటాక తిన్న పండు కొవ్వుగా మారుతుందట. ఆరింటికి ముందు ఎన్ని కేలరీలో, తర్వాతా అన్నే.

భోజనమయ్యాక తింటే కడుపులో పులిసిపోతుందట. జీర్ణాశయంలో అంత ఆమ్లం ఉండగా పులియడానికి అవకాశమెక్కడ? దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అసలు ప్రమాదం మూడో పాయింటులో ఉంది. "పండులోనూ చక్కెరే, కూల్‌డ్రింకులోనూ చక్కెరే. పిల్లలకు, షుగర్ ఉన్నవాళ్లకు పండ్లు పూర్తిగా ఆపేయండి." రెండింట్లోనూ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్న మాట నిజమే. గ్లాసులోనూ నీళ్లే, వరదలోనూ నీళ్లే. అందుకని రెండూ ఒకటేనా? వంద గ్రాముల ఆపిల్‌లో చక్కెర సుమారు 10 గ్రాములు, కేలరీలు 52, మిగిలినదంతా దాదాపు నీరూ పీచూ. 330 మిల్లీలీటర్ల కోలాలో చక్కెర 35 గ్రాములు. అంత చక్కెర ఆపిల్ నుంచి రావాలంటే మూడువందల గ్రాములకు పైగా నమిలి తినాలి. కోలా అయితే రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది, ఆకలి మాత్రం అలాగే ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. ఆపిల్ పండునీ, దాని గుజ్జునీ, రసాన్నీ పోల్చి చూసిన ప్రయోగం 1977లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పండు తిన్నప్పుడే కడుపు ఎక్కువ నిండినట్టనిపించింది. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువ పెరిగింది, ఆ తర్వాత రక్తంలో చక్కెర మామూలు కంటే కిందికి పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరకు పరిమితి పెట్టినప్పుడు పండ్ల రసాన్ని ఆ లెక్కలో వేసింది, పండును వేయలేదు. షుగర్ ఉన్నవాళ్లు రోజు మొత్తం తినే పిండిపదార్థాల్లో పండును కూడా లెక్కేసుకుని, కొలతగా తినాలి. "పూర్తిగా ఆపేయండి" అనడానికి మెసేజ్ రాసినవాళ్లెవరు, వైద్యులా? పేరు కూడా పెట్టుకోలేదు! ఇలాంటిది చదివి ఒక తల్లి పిల్లవాడి చేతిలో పండు లాక్కుని బిస్కెట్ పెడితే ఆ పాపం ఎవరిది?

నాలుగో పాయింటు మాత్రం ఒప్పుకుంటాను: "పండ్లు తింటే సన్నబడతారన్నది భ్రమ." అవును, పండు మందు కాదు. లక్షా ముప్ఫై వేలమందికి పైగా అమెరికన్ల వివరాలతో 2015లో వచ్చిన హార్వర్డ్ పరిశోధనలో, రోజుకు ఒకసారి వడ్డించుకునేంత పండు ఎక్కువగా తినడంతో ముడిపడి కనిపించిన బరువు తగ్గుదల నాలుగేళ్లలో పావుకిలో. అది కూడా పండు వల్లేనని గట్టిగా చెప్పలేం. కడుపునిండా తిని ఆపైన గిన్నెడు పండ్లు తింటే ఆ కేలరీలూ కలుస్తాయి. చిరుతిండి మానేసి ఆ స్థానంలో పండు తింటేనే లాభం. ఎండు ద్రాక్షతో జాగ్రత్త అని మెసేజ్ చేసిన హెచ్చరికా సబబే. తాజా ద్రాక్షలో వంద గ్రాములకు 70 కేలరీలుంటే, ఎండు ద్రాక్షలో 300.

పండ్ల విషయంలో నిజంగా జాగ్రత్తపడాల్సినవాళ్లు ఉన్నారు. కిడ్నీ జబ్బు ముదిరి, రక్తంలో పొటాషియం పెరిగేవాళ్లు ఏ పండు ఎంత తినాలో డాక్టరును అడగాలి. ఇంత పొడుగు మెసేజ్‌లో వాళ్ల ఊసే లేదు.